ఎక్కువైన చదువు

కాసిల్దా మూడోసారి చిక్కుడు గింజల గిన్నె తెచ్చి కూతురి ముందు పెట్టింది. ఎల్విరా మూడోసారి దాన్ని పక్కకు జరిపింది.

“తినవే. శనివారం నుంచీ ఇదే వరస. ఆ ఉత్తరం సీటు తింది చాలదా, నీ తిండి కూడా తినాలా?”

ఎల్విరా పళ్ళ షెడ్డు నుంచి వచ్చి గంటైనా తలకి కట్టుకున్న గుడ్డ విప్పలేదు. చేతుల మీద పీచ్ పళ్ళ నూగు అలాగే ఉంది. మామూలుగా అయితే ఇంట్లోకి వస్తూనే మోచేతుల దాకా కడుక్కునే మనిషి.

బల్లకి అవతలి వైపు ఆమె మొగుడు రమీరో యూనివర్సిటీ నుంచి వచ్చిన ఆ ఉత్తరాన్ని నాలుగోసారి చదువుతున్నాడు. ట్రాక్టర్లు బాగుచేసేవాడు కాబట్టి ఏ కాగితాన్నయినా యంత్రంతో వచ్చిన పుస్తకంలాగే చదువుతాడు, వేలు పెట్టి, వరస వరసా.

“తొంభై క్రెడిట్లు దాటకూడదట. నీకు నూట ఇరవై ఒకటి ఉన్నాయట. అందుకని ఇచ్చిన సీటు ఆపేశారట.” కళ్ళజోడు తీశాడు. “చదువు తక్కువైందంటే వద్దన్నారనుకుందాం, అర్థముంది. ఎక్కువైందని వద్దనడమేమిటి? బండిలో బరువెక్కువైందన్నట్టు?”

“నాకున్నవి డెబ్భై తొమ్మిది,” అంది ఎల్విరా.

“మరి మిగతావి ఎక్కడివి?”

కాసిల్దా పెనం మీద రొట్టె తిరగేసింది. అది అప్పటికే ఒకసారి తిరగేసిన రొట్టె.

“సముద్రం వైపు ఏదో కాలేజీ పేరుంది. వాట్సన్‌విల్ దగ్గర. నువ్వు ఆ కాలేజీ గడప తొక్కావా ఎప్పుడైనా?” రమీరో తనే నవ్వాడు. “ఇదీ ఆ పిత్తాశయం గొడవలాంటిదే. గుర్తుందా? ‘నీకు పిత్తాశయం తీసేశారు కదమ్మా’ అని డాక్టరు అనడం, నువ్వు చొక్కా ఎత్తి కోతేదీ అని అడగడం! ఎవడో గుమాస్తా నీ నంబరు ఇంకొకళ్ళకి తగిలించాడు. వెళ్ళి గట్టిగా అడుగు. శుక్రవారం అయిదింటి దాకా గడువిచ్చారుగా.”

ఎవరూ నవ్వలేదు. రమీరో భార్యని చూశాడు, అత్తగారి వీపుని చూశాడు.

“ఏంటి? ఏమన్నాను నేను?”

“ఏం అనలేదు బాబూ,” అంది కాసిల్దా పెనం వైపు తిరిగే. “నాకు తెలీక అడుగుతాను, పండు మీద బూజుందో లేదో చెప్పడానికి యూనివర్సిటీ ఎందుకు? ఇరవై ఏళ్ళుగా చెబుతూనే ఉందిగా.”

అప్పుడు లేచింది ఎల్విరా. “చెబుతూనే ఉన్నానమ్మా. మూడేళ్ళ కిందట నలభై పెట్టెల పీచ్ పళ్ళలో తెగులు ముందు పట్టుకున్నది నేను. దాని పేరు చెప్పింది నేను. కాగితం మీద సంతకం పెట్టింది మాత్రం పాతికేళ్ళ పిల్ల, దానికి డిగ్రీ ఉంది కనక. ఇప్పుడా పిల్ల నా పైన. పండు కోసినప్పుడల్లా నన్నే పిలిచి అడుగుతుంది, ‘ఇదేంటి ఎల్విరా’ అని.”

“అడిగితే గొప్పేగా.”

“వారానికి రెండు సాయంత్రాలు, పదకొండేళ్ళు. ఈయన తన కూడు తనే వేడిచేసుకున్నాడు. గొప్ప కోసం కాదు.”

కాసిల్దా పొయ్యి ఆర్పేసింది. రమీరో బయటికి వెళ్ళేదాకా ఆగి, కూతురి దగ్గరికొచ్చి చెవిలో అన్నట్టుగా అంది: “ఏం అడిగినా తెలీదను. నీ చెల్లెలి మీద ఒట్టు.”

*

మర్నాడు మధ్యాహ్నం యూనివర్సిటీలో బదిలీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఆఫీసులో, మిస్ థావ్ ఎదురుగా కూర్చుంది ఎల్విరా. పొట్టి మనిషి థావ్, యాభై దాటి ఉంటాయి. మాట మెత్తన. మెత్తగా మాట్లాడేవాళ్ళ దగ్గర ఎల్విరాకి భయమెక్కువ.

“మీ దరఖాస్తు నాకు బాగా గుర్తుందమ్మా,” అంది థావ్. “పంట తెగుళ్ళ విభాగానికి పండ్ల షెడ్డు నుంచి వచ్చింది మీరొక్కరే. అందుకే ఉత్తరం వెళ్ళాక నేను మళ్ళీ తెరిచి చూశాను.”

“ఆ నిబంధన ఎందుకండీ? ఎక్కువ చదివితే తప్పా?”

“తప్పని కాదు. ఇవి మూడో ఏట చేరేవాళ్ళ కోసం ఉంచిన సీట్లు. తొంభై దాటినవాళ్ళు చదువు అయిపోవచ్చిన లెక్క. వాళ్ళ చోటు ఇంకొకరికి ఇస్తారు. మీ ఊరి కాలేజీ ఒక్కటే చూస్తే మీకు డెబ్భై తొమ్మిది. ఏ చిక్కూ లేదు. మీ నంబరు కొట్టగానే రెండో కాలేజీ పైకొచ్చింది. అక్కడ నలభై రెండు.”

“నలభై రెండా?” నోరు జారాక గాని ఎల్విరాకి తెలియలేదు. “మూడు కాదూ?”

థావ్ కంప్యూటరు మీంచి చెయ్యి తీసింది.

ఎల్విరా ఒళ్ళో ఉన్న సంచి పట్టీని వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది.

“నేను విన్నదేదీ రాసుకోలేదు,” అంది థావ్ చివరికి. తెర ఇటు తిప్పింది. “ఇది చూడండి. తొమ్మిదేళ్ళ కిందట, వసంతకాలం. సోమవారం సాయంత్రం ఆరింటికి మీరు మీ ఊళ్ళో రసాయనశాస్త్రం క్లాసులో ఉన్నారు. అదే సోమవారం, అదే ఆరింటికి కొండల అవతల పసిపిల్లల మనస్తత్వం క్లాసులో ఉన్నారు. మూడు గంటల దారి. ఇక్కడ మీకు ‘సి’ వచ్చింది. అక్కడ ‘ఎ’.”

“రసాయనం కష్టంగా ఉండేది,” అంది ఎల్విరా.

థావ్ నవ్వబోయి మానుకుంది.

“మా అత్తగారు, మామగారు, వాళ్ళ అన్నదమ్ములు ముగ్గురు, అందరూ జనవరి ఒకటినే పుట్టారు తెలుసా? కాందిశీకుల శిబిరంలో గుమాస్తాకి ఓపిక లేక అందరికీ అదే రాశాడు. ఇప్పటికీ ఆ రోజు ఇంట్లో అయిదు పుట్టినరోజులు చేస్తాం. కాగితాలు ఏం చెబుతాయో నాకు తెలుసు.” ఒక ఫారం తీసి బల్ల మీద పెట్టింది. “ఆ క్రెడిట్లు మీవి కాకపోతే కావని రాసి సంతకం చెయ్యండి. తీసేస్తారు, మీ సీటు మీకుంటుంది. కాకపోతే ఆ కాగితం ఇక్కడాగదు. ఆ కాలేజీకి వెళుతుంది. మీ పేరుతో ఎవరు చదివారో వాళ్ళు వెతుకుతారు.”

ఫారం మీద ఆరు గళ్ళున్నాయి. ఆరోది ముందుగా ఎల్విరా కంట పడింది. *ఆ వ్యక్తి ఎవరో మీకు తెలుసా?*

“తెలుసని రాస్తే?”

“ఎవరో రాయాలి. తెలిసి మీరే ఇచ్చారనుకోండి, అది వేరే సంగతి. అప్పుడు సీటు గురించి నేను మాటివ్వలేను.”

“ఏదీ రాయకపోతే?”

“నూట ఇరవై ఒకటీ మీవే. శుక్రవారం అయిదు దాటాక నా చేతిలో ఏమీ ఉండదు.”

*

గురువారం నాలుగింటికి నోయెమి వచ్చింది. చేతిలో స్ట్రాబెర్రీల అట్టపెట్టె. ఎప్పుడొచ్చినా అదే తెస్తుంది. తలుపు తీసింది తల్లి. కూతుర్ని కావిలించుకుని వదల్లేదు. ఫోను చేసి రప్పించింది తనేనని దాచే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

నోయెమి అక్క కన్నా మూడేళ్ళు చిన్న. ముఖం ఒకే అచ్చు. ఎల్విరా కాస్త లావు, ఈమె సన్నం. వాళ్ళ తండ్రి ఒక ఏడాది భార్యతో కలిసి ద్రాక్ష కోతకని ఈ లోయకి వచ్చినప్పుడు పుట్టింది ఎల్విరా. మళ్ళీ సరిహద్దు అవతల మిచోవకాన్ వెళ్ళాక, సొంతూళ్ళో పుట్టింది నోయెమి. తేడా అంతే. పెద్దదానికి పుట్టుకతోనే ఈ దేశం కాగితం వచ్చింది. చిన్నది ఇరవై రెండేళ్ళప్పుడు ఎడారి దాటి వచ్చింది, ఏ కాగితమూ లేకుండా.

“కూర్చో,” అంది ఎల్విరా.

“మూడు గంటలు కూర్చునే వచ్చాను.”

“నలభై రెండు క్రెడిట్లు.”

నోయెమి అట్టపెట్టెని బల్ల మీద పెట్టింది. మూత సర్దింది.

“ఒక్క కోర్సన్నావు,” అంది ఎల్విరా. “ఒక్క కోర్సు, మూడు క్రెడిట్లు, పిల్లల బడిలో ఆయా పని దొరకాలంటే అది కావాలన్నావు. ఈ బల్ల దగ్గరే. అమ్మ అక్కడ నిలబడుంది. నేను నా నంబరున్న గుర్తింపు కార్డు తీసి నీ చేతిలో పెట్టాను. మూడు నెలలన్నావు నోయెమీ.”

“మూడు నెలలే అనుకున్నాను. టీచరు బాగా చదువుతున్నావంది. ఇంకొకటి తీసుకోమంది.”

“తీసుకున్నావు.”

“నువ్వు మానేదానివా?” నోయెమి గొంతు లేచింది. “స్ట్రాబెర్రీ చేలో వంగి వంగి నడుం పోయిన మనిషివి, నిన్నొకరు ‘బాగా చదువుతున్నావు’ అంటే నువ్వు మానేదానివా? నువ్వే చెప్పు! పదకొండేళ్ళు పట్టుకు వేలాడుతున్నదానివి!”

“నా పేరుతో వేలాడాను.”

“నీకు పేరుంది కాబట్టి!”

కాసిల్దా మధ్యలోకి వచ్చింది. “అరవకండి, పక్కింటివాళ్ళు...”

“నువ్వాగమ్మా,” అన్నారిద్దరూ ఒకేసారి.

కాసిల్దా ఆగలేదు. “ఆ రోజు అడిగింది నేను. తిట్టాలంటే నన్ను తిట్టండి. ఒకదానికి కాగితం ఇచ్చాడు దేవుడు, ఇంకొకదానికి బుర్ర ఇచ్చాడు. రెంటినీ ఒకచోట పెడితే పోయేదేముంది అనుకున్నాను.”

ఆ మాట ఎల్విరాకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. తల్లి వైపు చూసింది. ఈ మాట తల్లి మనసులో ఉందని ఆమెకి తెలుసు. ఆమె నోట వినడం మాత్రం ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఇదే మొదలు.

“బుర్ర దానికి ఇచ్చాడా,” అంది నెమ్మదిగా. “సరే.”

“అమ్మ మాట పట్టుకోకు అక్కా...”

“రెండేళ్ళకే చట్టం మారిందిగా. కాగితాలు లేనివాళ్ళు కూడా మామూలు ఫీజుకే చదవొచ్చన్నారు. మా కాలేజీలో గోడల నిండా అంటించారు. నీకు తెలీదా?”

నోయెమి కిటికీ వైపు తిరిగింది.

“తెలుసు,” అంది. “అప్పటికి పద్దెనిమిది క్రెడిట్లయ్యాయి. నా పేరుకి మారితే సున్నా నుంచి మొదలెట్టాలి. మా బడి డైరెక్టరుకి నేను ఎల్విరాని. తోటి టీచర్లకి ఎల్విరాని. టీచరు లైసెన్సు ఆ పేరునే వచ్చింది. ఇవాళ నా క్లాసులో పద్నాలుగు మంది పిల్లలు, నాలుగేళ్ళవాళ్ళు. మిస్ ఎల్విరా అంటారు. నోయెమి అని పిలిచేది మీరిద్దరే. మీ ఇంటికొస్తే ఒక్కోసారి పలకడం కూడా మర్చిపోతాను.”

“ఆస్పత్రికి కూడా ఆ పేరుతోనే వెళ్ళావు.”

“కడుపులో నొప్పితో పడిపోతే ఎవరు తీసుకెళ్ళారో కూడా నాకు తెలీదు. సంచిలో ఉన్న కార్డు చూశారు.”

“అయితే విను. రేపు నువ్వు చచ్చిపోయావనుకో, చచ్చిపోయింది నేనవుతాను. ఆలోచించావా? నువ్వు బండితో ఎవర్నయినా గుద్దితే జైలుకి వెళ్ళేది నేను. నీకు జబ్బు చేస్తే నాకు మందిస్తారు. నువ్వు చదివితే నా చదువు పోతుంది!”

“సంతకం చేసెయ్, అయితే.” నోయెమి కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. “చెయ్. ‘దొంగ’ అని రాయి. పోలీసులొచ్చి బడి గేటు దగ్గర నన్ను పిల్లల ముందు పట్టుకుంటారు. నీ సీటు నీకొస్తుంది. చక్కగా బూజుల గురించి చదువుకో.”

“చేస్తాను!” అంది ఎల్విరా. “రేపే చేస్తాను!”

“ఎల్విరా.”

వంటింటి గుమ్మంలో రమీరో నిలబడి ఉన్నాడు. చేతుల నిండా గ్రీజు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. అతని ముఖం చూస్తే ఎక్కడి నుంచి విన్నాడో అడగక్కర్లేదు, అంతా విన్నాడు.

నోయెమి కారు తాళాలు తీసుకుంది. బావగారి పక్కనుంచి ఒదిగి, తలొంచుకుని వెళ్ళిపోయింది. తల్లి వెనకాలే వాకిలి దాకా పరిగెత్తింది. కారు ఆగలేదు.

రమీరో సింకు దగ్గర చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

“ఆ డాక్టరు దగ్గర నేను నవ్వాను,” అన్నాడు నీళ్ళ వైపు చూస్తూనే. “ఆ పిత్తాశయం కథ షెడ్డులో అందరికీ చెప్పాను. పెళ్ళిళ్ళలో చెప్పాను. నువ్వు పక్కన నిలబడి నవ్వేదానివి.”

“రమీరో...”

“పేరు చెల్లెలికిచ్చావు. ఇవ్వు, నేనూ ఇచ్చేవాణ్ణి. పద్దెనిమిదేళ్ళ కాపురంలో నాకొక్క మాట చెప్పలేదు. నేనేం, పోలీసునా?”

ఆ రాత్రి ఆ ఇంట్లో ముగ్గురు మూడు వేళల్లో తిన్నారు. స్ట్రాబెర్రీలు ఎవరూ ముట్టుకోలేదు.

*

శుక్రవారం షెడ్డుకి సెలవు పెట్టింది ఎల్విరా. పొద్దుటి నుంచి ఫారం ముందు పెట్టుకుని కూర్చుంది. అయిదు గళ్ళు పది నిమిషాల్లో నింపేసింది. ఆ క్రెడిట్లు తనవి కావు. ఆ కాలేజీకి తనెప్పుడూ వెళ్ళలేదు. అన్నీ నిజాలే. ఆరో గడి దగ్గర మధ్యాహ్నం రెండయింది.

*ఆ వ్యక్తి ఎవరో మీకు తెలుసా?*

తెలియదు, అని రాసింది. వెతుక్కోనీ, అనుకుంది. తొమ్మిదేళ్ళ కిందటి సంగతి, ఎవరు దొరుకుతారు? ఆ మాట తనకే నమ్మకంగా లేదు. లైసెన్సు ఆ పేరునుంది, ఉద్యోగం ఆ పేరునుంది. చిన్నపిల్లాడు కూడా దొరకబుచ్చుకుంటాడు.

మూడుసార్లు నోయెమికి ఫోను చేసింది. ఎత్తలేదు.

రమీరో ట్రక్కులో తీసుకెళ్ళాడు. యూనివర్సిటీ ముందు ఆపాక, స్టీరింగు మీద చేతులుంచి ముందుకే చూస్తూ అన్నాడు:

“నువ్వు ఏం రాశావో నేనడగను. బయటికొచ్చేదాకా ఇక్కడే ఉంటాను.”

నాలుగున్నర. థావ్ తలుపు దగ్గరే ఎదురైంది. లోపలికి తీసుకెళ్ళి, తలుపు వేసింది. ఎల్విరా ఫారం అందించబోతే తీసుకోలేదు.

“ముందు ఇది చూడండి. పొద్దున ఒకావిడ వచ్చి ఇచ్చి వెళ్ళారు.”

చేత్తో రాసిన కాగితం. గుండ్రటి అక్షరాలు. చిన్నపిల్లలకి పలక మీద రాసి చూపించేవాళ్ళ అక్షరాలు.

*మా అక్క పేరు నేను వాడుకున్నాను. ఆమెకి తెలియదు, అడగలేదు. ఆ నలభై రెండు క్రెడిట్లు నేను చదివినవి. దయచేసి ఆమె లెక్కలోంచి తీసెయ్యండి. ఆమెది ఆమెకి ఇవ్వండి.*

కింద సంతకం: నోయెమి సబాలా ఎస్పీనో.

ఎల్విరాకి మొదట కలిగింది సంతోషం. గుండెల మీంచి బస్తా దించినట్టు. ఆ వెంటనే ఆ సంతోషానికి తనకే భయమేసింది.

“ఈ ఒక్కటీ చాలు,” అంది థావ్. “మీ ఫారంలో ‘తెలియదు’ అని ఉంటే రెండూ సరిపోతాయి. సోమవారం కల్లా మీ సీటు ఖాయం.”

“ఆవిడకేమవుతుంది?”

“నేను చెప్పలేను. ఊరికే ఊరడించను కూడా.” థావ్ బల్ల మీదున్న రబ్బరు ముద్రని అటు జరిపి, ఇటు జరిపింది. “ఇంకా ముద్ర వెయ్యలేదు. ముద్ర పడ్డాక ఇది నాది కాదు, యూనివర్సిటీది. నాకు ఆ చివరి గదిలో ప్రింటరు దగ్గర పనుంది. పది నిమిషాలు పడుతుంది. తిరిగొచ్చేసరికి బల్ల మీద ఏ కాగితాలుంటే వాటికి వేస్తాను. లేనివాటి గురించి అడగను.”

వెళ్ళిపోయింది. తలుపు ఓరగా ఉంచింది.

ఎల్విరా ఆ సంతకాన్నే చూస్తూ కూర్చుంది. చెల్లెలు ఎల్విరా సబాలా అని సంతకం చెయ్యడం చాలాసార్లు చూసింది. తనకన్నా బాగా చేసేది. సొంత పేరు రాయడం మాత్రం చిన్నప్పుడు బడిలో చూసిందే. ‘నోయెమి’ దగ్గర కలం ఒకచోట ఆగి, మళ్ళీ కదిలినట్టు సిరా కాస్త ముద్దయింది.

పదకొండేళ్ళు. నలభై పెట్టెల పీచ్ పళ్ళు. ‘ఇదేంటి ఎల్విరా’ అని అడిగే పాతికేళ్ళ పిల్ల. బుర్ర దానికిచ్చాడు దేవుడు.

పద్నాలుగు మంది పిల్లలు.

చటుక్కున ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో తోసింది. తన ఫారం కూడా తీసుకుంది. సీటు లేకపోతే పోయె. షెడ్డు ఉంది, మొగుడున్నాడు, వచ్చే ఏడు ఇంకేదన్నా... వచ్చే ఏడు ఏమీ ఉండదని తెలుసు. నూట ఇరవై ఒకటి తగ్గవు. లేచింది.

“అక్కా. తీసి బల్ల మీద పెట్టు.”

ఓరగా ఉన్న తలుపులో నోయెమి నిలబడి ఉంది. నిన్నటి బట్టలే. రాత్రంతా కారులో ఉందో ఏమో.

“నువ్విక్కడ ఎందుకున్నావే? వెళ్ళు. ముద్ర పడలేదింకా, ఎవరూ చూడలేదు. ఇంటికెళ్ళు!”

“పొద్దున్నే డైరెక్టరుకి ఫోను చేసి చెప్పేశాను. బడి తాళాలు వాళ్ళ పోస్టుడబ్బాలో వేసి ఇటు వచ్చాను.”

ఎల్విరా కూర్చుండిపోయింది.

“ఏమంది?”

“తిడుతుందనుకున్నాను. ‘పిల్లలకి ఏం చెప్పమంటావు’ అంది.” నోయెమి లోపలికొచ్చి బల్ల పక్కన నిలబడి అంది: “కాబట్టి నువ్వది చింపినా నా ఉద్యోగం రాదు. నీ సీటు మాత్రం పోతుంది. ఇద్దరం పోగొట్టుకోవడం ఎందుకు?”

“నిన్న కోపంలో అన్నాను నేను. చచ్చిపోతే అదీ ఇదీ...”

“నిజమేగా. రాత్రి పసేకో కనుమ మీద కారాపుకుని ఆలోచించాను. సరిగ్గా అదే. నేను పోతే ఎవరికీ తెలీదు, నేనని.”

“అబద్ధం రాశావు ఇందులో. నాకు తెలీదని రాశావు. నేనిచ్చాను నోయెమీ. నా చేత్తో ఇచ్చాను. నువ్వు దొంగవని రాసుకున్నావు.”

“ఆ ఒక్కటి ఉండనీ. పదమూడేళ్ళు నీ దగ్గర తీసుకున్నాను. ఒక్క అబద్ధం ఇవ్వనీ.”

నడవాలో మడమల చప్పుడు వినిపించింది. తాపీగా, కావాలనే చప్పుడు చేసుకుంటూ వస్తున్నట్టు. గోడ మీద గడియారం లేదు గాని, బయట నడిచేవాళ్ళ తొందర చూస్తే అయిదు దగ్గర పడిందని తెలుస్తోంది.

ఎల్విరా సంచి తెరిచింది. ఉత్తరం తీసి, మడతలు విప్పి, అరచేత్తో చదును చేసి బల్ల మీద పెట్టింది. నోయెమి గట్టిగా ఊపిరి వదిలింది. ఆ పక్కనే తన ఫారం కూడా పెట్టింది ఎల్విరా.

థావ్ గుమ్మంలో ఆగింది. ఒకే అచ్చు ముఖాలు రెండింటినీ చూసింది. ఆశ్చర్యపడలేదు. వచ్చి కుర్చీలో కూర్చుని, ముద్ర చేతిలోకి తీసుకుంది.

“అన్నీ ఉన్నాయా అమ్మా?”

“ఉన్నాయి,” అంది నోయెమి.

“ఒక్క మాట దిద్దాలి,” అంది ఎల్విరా.

థావ్ బల్ల మీదున్న కలం ఎల్విరా అందుకుంది. ఆరో గడిలో ‘తెలియదు’ మీద మొన ఆనింది. గీత ఇంకా పడలేదు. నోయెమి చెయ్యి వచ్చి అక్క మణికట్టుని గట్టిగా పట్టుకుంది.